మన బడిలో ‘మన’ అంటే ఎవరెవరు?

మా ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల ఉపాధ్యాయులకు, విద్యా కమిటీ సభ్యులకు, ఆ రోజు హెడ్మాస్టరు గారి గదిలో కూర్చున్న ఊరి పెద్దలకు,

నమస్కారం.

పోయిన నెల మన బడిలోంచి తొమ్మిదో తరగతి అబ్బాయి ఒకడు టీసీ తీసుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు రోజూ బస్సెక్కి వేరే ఊరి బడికి వెళ్తున్నాడు. వాళ్ళ చెల్లెలు మాత్రం ఇంకా మన బడిలోనే ఏడో తరగతి చదువుతోంది. ఆ పిల్ల ఇంటి దగ్గర నుంచి రెండు సీసాల నీళ్ళు మోసుకొస్తోంది. బడిలో ఆర్వో ప్లాంటు ఉంది, నాలుగు కుళాయిలున్నాయి, నీళ్ళు బాగానే వస్తాయి. అయినా ఆ పిల్ల అటు వెళ్ళదు.

ఎందుకు వెళ్ళదో మీకందరికీ తెలుసు. తెలిసీ మనం మాట్లాడుకోవడం లేదు కాబట్టి ఇలా అందరూ చదివేటట్టు రాయాల్సి వస్తోంది. నేను ఈ బడిలో పదకొండేళ్ళు సోషల్ చెప్పి రిటైరైన దాన్ని. మీలో ముగ్గురు నా దగ్గర చదువుకున్నవాళ్ళే. కోపం వస్తే నన్ను తిట్టుకోండి గానీ చివరిదాకా చదవండి.

జరిగింది క్లుప్తంగా చెప్తాను. కుళాయి దగ్గర ఇద్దరు అబ్బాయిలు. ఒకడు గ్లాసుతో నీళ్ళు తాగి పెట్టాడు. రెండోవాడు ‘కడిగి పెట్టరా’ అన్నాడు, దాని వెనకాల కులం పేరుతో ఒక మాట అన్నాడు. ఆ మాట ఇక్కడ రాయను, ఊళ్ళో పుట్టిన ప్రతివాళ్ళకీ తెలుసు. మొదటివాడు తోశాడు. ఆ రాత్రి వాట్సాప్ స్టేటస్‌లు మొదలయ్యాయి. మర్నాడు ఇంటర్వెల్లో పది మంది ఒకవైపు, నలుగురు ఒకవైపు. ఆ నలుగురిలో ఒకడికి తల మీద నాలుగు కుట్లు పడ్డాయి.

సాయంత్రం పంచాయితీ జరిగింది. పాత టీచర్ని కదా అని నన్నూ పిలిచారు. గదిలో ఏడు కుర్చీలున్నాయి. పెద్దలు, హెడ్మాస్టరు గారు, నేను కూర్చున్నాం. కుట్లు పడ్డ పిల్లాడి తండ్రి బీరువా పక్కన నిలబడ్డాడు. ఆయన్ని నిలబడమని ఎవరూ అనలేదు. కూర్చోమనీ ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. టీ తెచ్చిన కుర్రాడు కూర్చున్నవాళ్ళకే గ్లాసులు అందించాడు.

‘ఒక చేత్తో చప్పట్లు మోగవు కదండీ, ఇద్దరిదీ తప్పే’ అన్నారు ఒకాయన. ‘కేసులూ గీసులూ అంటే పిల్లల భవిష్యత్తు పాడవుతుంది, ఊరి పరువు పోతుంది’ అన్నారు ఇంకొకాయన. ఇద్దరి చేతా చేతులు కలిపించారు. ‘కలిసిమెలిసి ఉండండి నాన్నా’ అన్నది నేనే. ఫోటో కూడా తీశారు. ఊరి గ్రూపులో ‘సమస్య సామరస్యంగా పరిష్కారం’ అని పెట్టి కింద దండాల బొమ్మలు పెట్టారు. పదిహేను రోజుల తర్వాత ఆ తండ్రి వచ్చి టీసీ అడిగాడు. ఎందుకని అడక్కుండా రాసిచ్చారు.

దీన్ని మనం రాజీ అంటున్నాం. నా చిన్నప్పటి నుంచి ఊళ్ళో చూసిన రాజీలన్నీ ఇలాంటివే. బలం ఉన్నవాళ్ళు ‘పోనీలే’ అంటారు, లేనివాళ్ళు ‘సరేనండి’ అంటారు. కేసు పెట్టడమా మానడమా అన్నది దెబ్బ తిన్న కుటుంబం ఆలోచించుకోవలసిన విషయం. వాళ్ళ హక్కుని వాళ్ళ చేతే వదిలించి, పైగా దానికి సామరస్యమని పేరు పెట్టే పని మనకెవరూ అప్పజెప్పలేదు. ఆ గదిలో గ్లాసు గురించి ఎవరూ మాట్లాడలేదని ఆ రోజు మీలో ఒక్కరైనా గమనించారా? తోపులాట గురించి మాట్లాడాం, స్టేటస్‌ల గురించి మాట్లాడాం, సెల్ ఫోన్ల వల్ల పిల్లలు చెడిపోతున్నారని ఓ పావుగంట మాట్లాడాం. గొడవ దేని దగ్గర మొదలైందో దాన్ని మాత్రం ముట్టుకోలేదు.

నీళ్ళ దగ్గర మొదలైన గొడవలు ఎక్కడిదాకా పోతాయో మన కోస్తా వాళ్ళకి ఒకరు చెప్పాలా? 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర గేదెల్ని కడుగుతుంటే దళితులు అభ్యంతరం చెప్పారు. ఆ మర్నాడు, 17న ఆరుగురు దళితుల్ని చంపారు. 1991లో చుండూరులో సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు ముందు సీటు మీది మనిషికి తగిలింది. ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపారు. అప్పుడు అవి ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో ఉండేవి, ఇప్పుడు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం 1989లో వచ్చిందంటే దాని వెనక కారంచేడు వంటి ఊళ్ళున్నాయి. ముప్పై ఏళ్ళు సోషల్ చెప్పిన నేను ఫ్రెంచి విప్లవం తేదీలు పిల్లల చేత బట్టీ పట్టించాను. ఈ రెండు ఊళ్ళ పేర్లు క్లాసులో ఒక్కసారి కూడా ఎత్తలేదు. ‘ఎందుకొచ్చిన గొడవ’ అనుకున్నాను. మన బడిలో జరిగింది అంత పెద్దదని నేను అనడం లేదు. చిన్నగా ఉన్నప్పుడే మాట్లాడుకుంటే మంచిదని అంటున్నాను.

బడి ప్రహరీ మీద ‘మన బడి’ అని నిలువెత్తు అక్షరాలున్నాయి కదా. నాడు-నేడు పనులప్పుడు రాయించారు. ప్రహరీ, మరుగుదొడ్లు, బెంచీలు, మంచినీళ్ళు అన్నీ ఆ పథకంలో వచ్చాయి, కాదనను. బాగున్నాయి కూడా. నాకు ఆ ‘మన’ దగ్గరే ఆగిపోవాలనిపిస్తుంది. తెలుగులో ‘మనం’ వేరు, ‘మేము’ వేరు. ‘మనం’ అంటే వింటున్న నువ్వు కూడా అందులో ఉన్నావని. ‘మేము’ అంటే నువ్వు బయట. హిందీలో ఈ తేడా లేదు, ఇంగ్లీషులోనూ లేదు. ఎదుటివాణ్ణి కలుపుకోవడానికి విడిగా ఒక మాట ఉన్న భాష మనది. ఆ మాటతో మనం చేసిన పనేమిటంటే ‘మనోడేనా?’ అని అడగడం. ఆ ప్రశ్నకి అర్థమేమిటో పిల్లలకి కూడా తెలుసు.

కొత్త టీచరు జాయినైన రోజు స్టాఫ్ రూములో ఏం జరుగుతుందో చూడండి. మొదట ‘ఏ ఊరండీ?’ తర్వాత ‘ఇంటిపేరేమిటండీ?’ మూడో ప్రశ్న అక్కర్లేదు, రెండిట్లోనే తేలిపోతుంది. తేలకపోతే ‘ఆదివారం ఖాళీయేనా, ప్రార్థనకి వెళ్తారా?’ అని ఓ మాట వేస్తారు. (ఈ ఉత్తరం చదువుతూ నా కులమేమిటో ఇప్పటికే లెక్కగట్టినవాళ్ళు ఉంటారు. మీ లెక్క కరెక్టే. ఆ గదిలో నాకు కుర్చీ దొరికింది కదా.) మనం ఇలా ఉంటూ పిల్లలు బైకులకి స్టిక్కర్లు వేస్తున్నారని, అభిమాన హీరో పేరుతో రెండు జట్లయ్యారని ఆశ్చర్యపోతే ఎలా?

నా సంగతి ఒకటి చెప్పాలి. ఇది చెప్పకుండా మీకు నీతులు చెప్తే నాకే సిగ్గుగా ఉంటుంది.

తొమ్మిది, పది చదివే ఎస్సీ పిల్లలకి ప్రీ మెట్రిక్ స్కాలర్‌షిప్ 2012లో వచ్చింది. ఆ మరుసటేడు దరఖాస్తులు నింపే పని నాకు అప్పజెప్పారు. కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ, బ్యాంకు ఖాతా, ఫోటోలు, తలనొప్పి పని. రెండు రోజులే గడువు. క్లాసులోకి వెళ్ళి ‘ఎస్సీలందరూ లేచి నిలబడండి’ అన్నాను. ఎప్పటి నుంచో అందరం అలాగే అంటున్నాం, అందులో తప్పుందని నా బుర్రకి తట్టనే లేదు. పద్నాలుగు మంది లేచారు. లెక్క ప్రకారం పదిహేను ఉండాలి. మూడో బెంచీలో ఒక అబ్బాయి తల వంచుకుని పుస్తకంలోకి చూస్తున్నాడు. ఆ ఏడాదే వేరే ఊరి నుంచి వచ్చినవాడు. ‘ఏరా, నువ్వు కాదా?’ అన్నాను. క్లాసంతా వాడి వైపు తిరిగింది. వాడు ‘కాదు టీచర్’ అన్నాడు.

వాడి రికార్డు నా చేతిలోనే ఉంది. వాడు అబద్ధం చెప్తున్నాడని నాకు తెలుసు, నాకు తెలుసని వాడికీ తెలుసు. ‘డబ్బులొస్తుంటే వద్దంటావేంరా పిచ్చోడా’ అని నవ్వాను. పిల్లలు కూడా నవ్వారు. వాడు దరఖాస్తు పెట్టలేదు, ఆ ఏడాది వాడికి స్కాలర్‌షిప్ రాలేదు.

ఆరేళ్ళ తర్వాత బస్టాండులో కనిపించాడు. మంచి ఉద్యోగంలోనే ఉన్నాడు. నా సంచీ అందుకుని బస్సులో పెట్టాడు. ఆ మాటా ఈ మాటా అయ్యాక ‘ఆ రోజు నేను లేవలేదు, మీకు గుర్తుందా టీచర్?’ అన్నాడు. గుర్తుంది అన్నాను. ‘అప్పటిదాకా క్లాసులో నేనెవరో ఎవరికీ తెలీదు టీచర్. నాలుగు నెలలు మామూలుగా ఉన్నాను’ అన్నాడు. తప్పయిపోయింది నాన్నా అన్నాను. ‘పర్లేదు టీచర్’ అన్నాడు. బస్సు కదిలింది. ‘నాలుగు నెలలు మామూలుగా ఉన్నాను’ అన్న మాట చాలాకాలం నన్ను వదల్లేదు.

నేను వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లల్ని శారీరకంగా శిక్షించకూడదు, మానసికంగా వేధించకూడదు అంటుంది. నేను చేసింది ఆ రెండో దాని కిందికి వస్తుందని ట్రైనింగుల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పకపోయినా తెలియాల్సిందే అనుకోండి.

పక్క రాష్ట్రంలో ఏం జరిగిందో కూడా చూడండి. 2023 ఆగస్టులో తమిళనాడు నాంగునేరిలో ప్లస్ టూ చదివే దళిత కుర్రాణ్ణి తోటి విద్యార్థులే ఇంటికెళ్ళి కొడవళ్ళతో నరికారు. అడ్డొచ్చిన చెల్లెల్నీ నరికారు. ఆ తర్వాత ప్రభుత్వం హైకోర్టు మాజీ న్యాయమూర్తి జస్టిస్ చంద్రు గారితో ఏకసభ్య కమిటీ వేసింది. 2024 జూన్‌లో ఆయన నివేదిక ఇచ్చారు. కులాన్ని తెలిపే రంగు దారాలు చేతికి కట్టుకుని బడికి రాకూడదని, హాజరు పట్టీలో కులం వివరాలు ఉండకూడదని, టీచర్లు పిల్లల్ని కులం తెలిసేలా పిలవకూడదని అందులో ఉంది. కొన్ని సిఫార్సుల మీద అక్కడ పెద్ద రగడే జరిగింది. వాటిలో మన బడిలో రేపటి నుంచి చెయ్యగలిగినవి చాలా ఉన్నాయి. వాటికి జీవో కోసం చూడక్కర్లేదు.

ఉపాధ్యాయులకి నా మనవి. దరఖాస్తులు, నామినల్ రోల్స్ పనులకి పిల్లల్ని క్లాసులో లేపి నిలబెట్టకండి. వివరాలన్నీ అడ్మిషన్ రిజిస్టరులో ఉన్నాయి. విడిగా పిలిచి మాట్లాడితే ఓ గంట ఎక్కువ పడుతుంది, అంతే. బెంచీల్లో ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలో పిల్లలకే వదిలేస్తే ఏ వీధి వాళ్ళు ఆ వీధి వాళ్ళతో కూర్చుంటారు. నెలకోసారి చీటీలు తీయించండి. గది ఊడ్చే వంతులు, కుండీలకి నీళ్ళు పోసే వంతులు రోల్ నంబర్ల ప్రకారం గోడ మీద రాసి పెట్టండి. చీపురు ఎప్పుడూ అవే చేతుల్లోకి ఎలా వెళ్తోందో నాకు తెలుసు. ‘ఒరే, నువ్వు రారా’ అని మనం పిలిచే పిల్లలు ఎప్పుడూ ఆ నలుగురే.

ఇంక మధ్యాహ్న భోజనం. బడుల్లో వండి పెట్టమని సుప్రీంకోర్టు 2001 నవంబరులో చెప్పింది. వంటవాళ్ళ నియామకంలో దళితులకి, ఎస్సీ, ఎస్టీలకి ప్రాధాన్యం ఇవ్వాలని 2004 ఏప్రిల్లో చెప్పింది. మన రాష్ట్రంలో ఆ పథకానికి ఇప్పుడు డొక్కా సీతమ్మ గారి పేరు పెట్టారు. గోదావరి లంకల్లో ఆకలని వచ్చినవాళ్ళకి వేళ కాని వేళలో కూడా లేచి వండి పెట్టిన తల్లి ఆవిడ. అలాంటావిడ పేరున్న వంటగదిలో కాలనీ నుంచి వచ్చిన ఇద్దరమ్మలు వండుతుంటే, ఊళ్ళో వైపు పిల్లలు సగం మంది బాక్సులు తెచ్చుకుంటున్నారు. ‘అన్నం ముద్దగా ఉంటుంది’, ‘కడుపులో నొప్పొస్తుంది’ అంటారు. నిజమే, ఒక్కోసారి ముద్దగానే ఉంటుంది. ముద్దగా లేని రోజున కూడా బాక్సులు వస్తున్నాయి. నేను పనిచేసే రోజుల్లో ఒక హెడ్మాస్టరు గారు ఏమీ మాట్లాడకుండా రోజూ ఆరో తరగతి వరసలో కంచం పెట్టుకుని కూర్చునేవారు. రెండు నెలల్లో బాక్సులు తగ్గిపోయాయి. వడ్డించే ముందు ఒక టీచరు రుచి చూడాలని ఎలాగూ నిబంధన ఉంది. చెంచాడు రుచి చూసి రిజిస్టరులో సంతకం పెట్టేసి, స్టాఫ్ రూములో క్యారేజీ విప్పితే పిల్లలకి ఏం అర్థమవుతుందో ఆలోచించండి.

విద్యా కమిటీ వారికి. మీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, సగం మంది ఆడవాళ్ళుండాలి, వెనకబడిన వర్గాల పిల్లల తల్లిదండ్రులకి దామాషా ప్రకారం చోటుండాలి అని చట్టం. కాగితం మీద అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మీటింగు మాత్రం పొద్దున్న పదకొండింటికి పెడతారు. నాట్లప్పుడూ కోతలప్పుడూ కూలి వదులుకుని ఎవరు వస్తారు? మినిట్స్ పుస్తకం ఇంటికి పంపి సంతకాలు పెట్టించుకుంటున్నారు. రాత్రి ఏడింటికి పెట్టండి. కుర్చీలు తక్కువైతే అందరూ చాప మీద కూర్చోండి. ప్రతి నెలా 30న పౌర హక్కుల దినమని రెవిన్యూ, పోలీసు అధికారులు ఊళ్ళకి వస్తారు కదా, ఫోటోలు దిగి వెళ్తారు. ఒక నెల ఆ సభ బడిలో పెట్టమని అడగండి. అడిగేవాళ్ళు పిల్లలే అయితే సమాధానాలు ఎలా ఉంటాయో చూడాలని నాకు కుతూహలంగా ఉంది.

ఆ మాట అన్న అబ్బాయి గురించి కూడా చెప్పాలి. వాణ్ణి బడిలోంచి తీసెయ్యాలని ఒకరిద్దరు నాతో అన్నారు. నేను ఒప్పుకోను. పద్నాలుగేళ్ళవాడు ఆ మాట పుట్టించలేదు, ఇంట్లోనో అరుగు మీదో విన్నాడు. వాడికి శిక్ష వేసి మనం చేతులు దులుపుకుంటే, వాడికి నేర్పినవాళ్ళందరం తప్పించుకున్నట్టే. కానీ వాడు ఫోటో కోసం చెయ్యి కలిపితే సరిపోదు. తను అన్న మాట ఏం చేసిందో వాడు వినాలి. ఆ ఏడో తరగతి పిల్ల రెండు సీసాలు ఎందుకు మోస్తోందో వాడికి తెలియాలి. తన పక్కన ఓ టీచరు కూర్చుని ఉండగా, వాళ్ళ అమ్మానాన్నలు కూడా ఉండగా వినాలి. అయితే వాడి చేత క్షమాపణ చెప్పించే ముందు మనం చెప్పాలి. గదిలో కుర్చీల్లో కూర్చున్న ఏడుగురం.

పోయిన ఆదివారం నేను ఒక్కదాన్నే ఆ కుట్లు పడ్డ అబ్బాయి వాళ్ళింటికి వెళ్ళాను. తండ్రి లోపల్నుంచి కుర్చీ తెచ్చి వేశాడు. ఆయన మాత్రం గడప మీద కూర్చున్నాడు. ‘టీ తాగుతారా టీచరు గారూ?’ అని వాళ్ళావిడ అడిగింది. అడిగి నా మొహంలోకే చూస్తూ నిలబడింది. తాగుతానమ్మా అన్నాను. ఆ రోజు నేను కూర్చున్నానని, ఆయన్ని కూర్చోమని అనలేదని, గ్లాసు గురించి నోరు మెదపలేదని, తప్పు చేశానని చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అబ్బాయి లోపల ఫోన్లో క్రికెట్ చూస్తున్నాడు, బయటికి రాలేదు. వాడికీ లోపలికి వెళ్ళి చెప్పాను. తల ఎత్తకుండా ‘పర్లేదు టీచర్’ అన్నాడు. ఆ ‘పర్లేదు’ నేను ఇంతకు ముందు విన్నదే.

నేను లేస్తుంటే ఆయన అన్నాడు: ‘మావాడు తిరిగొస్తాడో రాడో వాడిష్టం టీచరు గారూ. మేం అడగం. పాప కుళాయి దగ్గర నీళ్ళు పట్టుకుని తాగి వస్తే చాలు.’

వచ్చే ఆదివారం పొద్దున్న ఏడింటికి బడి గేటు దగ్గర ఉంటాను. రామాలయం అరుగు దగ్గర కాదు, అక్కడైతే కొందరు నిలబడే ఉండాల్సి వస్తుంది. ఆ గదిలో కూర్చున్న మిగతా ఆరుగురూ వస్తే కలిసి వాళ్ళింటికి వెళ్దాం. ఫోన్లు ఇంట్లో పెట్టి రండి, ఫోటోలు వద్దు. ఏడున్నర దాకా చూస్తాను.

ఇట్లు,
మీ పాత సోషల్ టీచర్